ఆదివారం ఏడింటికి ఒక కొత్త ఆల్బమ్: మా రేడియో ప్రాజెక్టు డైరీ

మార్చి 10, 2024

స్లాట్ దొరికింది! ఆదివారం సాయంత్రం 7 నుంచి 7:30, బుధవారం మధ్యాహ్నం రిపీట్. మాది హైదరాబాద్ తూర్పు వైపు చిన్న కమ్యూనిటీ రేడియో. రూల్ ప్రకారం పవర్ 100 వాట్లు దాటకూడదు, టవర్ 30 మీటర్లు దాటకూడదు, కాబట్టి పది పన్నెండు కిలోమీటర్లు పోయాక గరగర తప్ప ఏం రాదు. ఆ పరిధిలోనే కిరాణా షాపులు, టైలర్ షాపులు, హాస్టళ్ళు, రెండు కాలేజీలు, బోలెడన్ని వంటిళ్ళు ఉన్నాయి, నాకు అవి చాలు.

ప్రోగ్రామ్ ఏంటంటే వారానికి ఒక్క ఆల్బమ్. కొత్తగా రిలీజ్ అయినది, సినిమాది కానిది, ఇండీ (పెద్ద కంపెనీలు లేకుండా సొంతంగా చేసుకునేది) గానీ పాప్ గానీ, ఏ భాషైనా సరే. రెండు పాటలు పూర్తిగా వేస్తా, మిగతా టైమ్‌లో ఎందుకు వినాలో చెప్తా. అరగంట అయ్యాక వినేవాళ్ళలో కొందరైనా ఫోన్ తీసి మిగతా ఆల్బమ్ వినాలి, ఈ ప్రాజెక్టు పాసా ఫెయిలా అని నేను చూసుకునేది అదొక్కటే.

ఇంచార్జ్ మేడమ్ సూటిగా అడిగారు, "సినిమా పాట కాదు, సగం వారాలు తెలుగు కూడా కాదు, మన వాళ్ళు వింటారా బాబూ?" అని. నేను చెప్పింది ఏంటంటే మేడమ్, మన ఇళ్ళల్లో సినిమాది కాని పాట రేడియోలోనే కదా విన్నాం, ఆకాశవాణి లలిత గీతాలు సినిమావి కాదు, ఘంటసాల పుష్పవిలాపం సినిమా పాట కాదు, ప్రైవేట్ రికార్డు, అయినా ఊరూరా మోగింది. ఆమె కాసేపు ఆలోచించి సరే, వర్షాకాలం అయ్యేదాకా నడుపు, తర్వాత చూద్దాం అన్నారు.

మార్చి 17

పైలట్ ఎపిసోడ్ రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

మొదటిదానికి కావాలనే తెలిసిన గొంతు తీసుకున్నా, సిద్ శ్రీరామ్ ఇంగ్లీష్ ఆల్బమ్ "సిద్ధార్థ్". 2023 ఆగస్టు 25న వచ్చింది కాబట్టి మరీ కొత్తది కాదు గానీ ట్రయల్‌కి బాగుంటుందనుకున్నా. చెన్నైలో పుట్టాడు, కాలిఫోర్నియాలో పెరిగాడు, అమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు, డెఫ్ జామ్ లేబుల్, ప్రొడ్యూసర్ ర్యాన్ ఓల్సన్, ఇలా నాకు తెలిసిందంతా చెప్పుకుంటూ పోయా. తర్వాత టైమ్ చూస్తే పాట కంటే ముందు నా మాటలే ఆరు నిమిషాలు.

ఆ ఆడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా వీధి చివర టైలర్ అన్న దగ్గరికి వెళ్ళా. ఆయన షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా రేడియో మోగుతూనే ఉంటుంది, చేతులు ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీనే. మిషన్ తొక్కుతూ మొత్తం విన్నాడు. విని అన్నాడు, "పాట మంచిగుంది తమ్మీ. కానీ నువ్ చెప్పిన దాంట్ల ఒక్కటి యాదికి లేదు."

ఇంటికొచ్చి మొత్తం తీసేసి మళ్ళీ కట్ చేశా. ఈసారి మొదట మాటే లేదు, "ఇంకేం ఇంకేం కావాలే" ఓ పదిహేను సెకన్లు, ఆ వెంటనే ఈ ఆల్బమ్‌లోంచి "డియర్ సహానా". తర్వాతే నా మాట: ఈ రెండు పాటలు పాడింది ఒకే మనిషి, మొదటి దాంట్లో వేరే వాళ్ళు రాసి బాణీ కట్టిన పాటకి గొంతిచ్చాడు, రెండో దాంట్లో తన మాట తను పాడుకుంటున్నాడు, గమకం ఎక్కడ తిరుగుతుందో చూడండి, అంతే. నలభై సెకన్లు. మళ్ళీ షాపుకి తీసుకెళ్తే అన్న మిషన్ ఆపి, "ఇంగ్లీష్ల గూడ గట్లనే తిప్పుతడా?" అని అడిగాడు. ప్రసారానికి వెళ్ళింది ఈ వెర్షనే.

ఆల్బమ్ గురించి అన్నీ చెప్పక్కర్లేదు, చెవికి ఒక్క పని ఇవ్వాలి. కంప్యూటర్ మీద చీటీ అతికించుకున్నా.

మార్చి 28

శుక్రవారం నా రొటీన్ సెట్ అయింది. మనకి శుక్రవారం అంటే సినిమా రిలీజ్, ప్రపంచం మొత్తానికి ఆల్బమ్‌ల రిలీజ్ కూడా అదే రోజు, 2015 జూలై 10 నుంచి అలా ఒకే రోజుకి తెచ్చారు, అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం ఉండేది. కొన్ని ఆల్బమ్‌లు మన అర్ధరాత్రికే పడతాయి, కొన్ని న్యూయార్క్ అర్ధరాత్రికి, అంటే ఎండాకాలంలో మనకి పొద్దున తొమ్మిదిన్నరకి. మొదటిసారి ఏమీ చదవకుండా నడుస్తూ వింటా, రెండోసారి లిరిక్స్ పెట్టుకుని, మూడోసారి చిన్న రేడియో స్పీకర్‌లో.

ఈ వారం ఆడ్రియన్ లెంకర్ "బ్రైట్ ఫ్యూచర్", 22న వచ్చింది. ఆమె బిగ్ థీఫ్ అనే బ్యాండ్‌లో పాడుతుంది, ఇది సోలో. కంప్యూటర్ లేకుండా అనలాగ్ టేప్ మీదే రికార్డు చేశారు, అడవి మధ్యలో ఉన్న స్టూడియోలో, స్నేహితులు చుట్టూ కూర్చుని వాయిస్తుంటే. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఆ గదిలో మనం కూడా ఓ మూల కూర్చున్నట్టే ఉంటుంది. మొదటి పాట "రియల్ హౌస్"లో పియానో ఒక్కో మెట్టు ఆగి ఆగి వస్తుంది, నాకు ఏడుపొచ్చింది.

అదే పాట మా ట్రాన్స్‌మిటర్ గుండా వెళ్ళేసరికి పాడైపోయింది. మా దగ్గర ప్రాసెసర్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఆన్‌లో ఉంటుంది, సౌండ్ తగ్గితే అదే పైకి లాగుతుంది, మామూలు పాటలకి అది మంచిదే, ఇక్కడ మాత్రం పియానో ఆగిన ప్రతిసారీ వెనకున్న టేప్ హిస్ అంతా బుస్సుమని పైకొచ్చి, మళ్ళీ పియానో పడగానే టక్కున కిందకి పోతోంది. శనివారం రాత్రి రెండు గంటలు దాంతోనే సరిపోయింది. చివరికి మా టెక్నీషియన్ అన్న గెయిన్ వేగం బాగా తగ్గించి, నేను ఫైల్‌లోనే నిశ్శబ్దంగా ఉన్న చోట్ల చేత్తో రెండు మూడు డెసిబెల్స్ పెంచి, అప్పుడు వంటింట్లో పెట్టి విన్నాం. కుక్కర్ రెండో విజిల్‌కి పాట మొత్తం మునిగిపోయింది! ఈ పాట ఆదివారం ఏడింటికి, అన్నం వండుకునే టైమ్‌కి, రేడియోలో నిలబడదని అర్థమై దాని బదులు "శాడ్‌నెస్ యాజ్ ఎ గిఫ్ట్" వేశా, దాంట్లో గొంతు మొదటి నుంచి ముందుంటుంది, కోరస్‌లో అందరూ కలుస్తారు, కుక్కర్‌ని తట్టుకుంటుంది. "రియల్ హౌస్" గురించి మాత్రం చెప్పా, రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఇప్పుడు వేయను అని.

బుధవారానికి ఏడు వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి, అందులో నాలుగు నేను వేయని ఆ పాట గురించే.

ఏప్రిల్ 11

క్రువాంగ్‌బిన్ "ఎ లా సాలా", 5వ తారీఖు రిలీజ్. టెక్సస్‌లోని హ్యూస్టన్ బ్యాండ్, ముగ్గురే, గిటార్, బేస్, డ్రమ్స్. ఎక్కువ భాగం మాటల్లేని సంగీతం, ఇంగ్లీష్ రాని వాళ్ళకి ఇంతకంటే మంచి ఆల్బమ్ దొరకదనుకున్నా. పేరు మాత్రం నోరు తిరగదు. థాయ్ భాషలో ఆ మాటకి అర్థం విమానం. అది ఒక్కసారి చెప్పా, బుధవారం రిపీట్ తర్వాత ఒక అక్క ఫోన్ చేసి "ఆ విమానం బ్యాండ్ పేరు ఇంగ్లీష్‌లో ఎట్ల కొట్టాలె?" అని అడిగింది. అర్థం గుర్తుంది, పేరు గుర్తు లేదు. పేరు దొరక్కపోతే ఆల్బమ్ దొరకదు కదా.

బేస్ గురించి ఒక్కమాట రాసి పెట్టుకుంటున్నా. ఈ బ్యాండ్ ప్రాణమే బేస్, చిన్న రేడియో స్పీకర్‌లో అది దాదాపు పోతుంది, గిటార్ ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టు వస్తుంది. అందుకని పాటకి ముందు బేస్ లైన్ నేనే నోటితో పాడి వినిపించా, డూం డుడుం అని, మీ స్పీకర్‌లో ఇది వినపడకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి అని. పనిచేసింది.

ఏప్రిల్ 21

ఆల్బమ్ అనే మాట మీదే చిక్కొచ్చింది.

వచ్చే ఫోన్లు విన్నాక అర్థమైంది, మనవైపు ఇప్పుడు "ఆల్బమ్" అంటే ఒక్క పాట. ప్రైవేట్ ఆల్బమ్, ఆల్బమ్ సాంగ్ అంటారు, యూట్యూబ్‌లో ఒక వీడియో, ఒక హీరో, ఒక హీరోయిన్, అయిదు నిమిషాలు, అదే ఆల్బమ్. నేను "ఆల్బమ్ మొత్తం వినండి" అంటే వాళ్ళు నేను వేసిన పాటే చివరిదాకా విని, "విన్నాం అన్నా, బాగుంది" అంటున్నారు. తప్పు వాళ్ళది కాదు, ఆ మాటకి ఇక్కడ ఆ అర్థం స్థిరపడింది. క్యాసెట్ల రోజుల్లో ఏ సైడ్ బి సైడ్ అని తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, తర్వాత పుట్టిన వాళ్ళకి చెప్పాలి. ఇకమీదట "పది పాటల ఆల్బమ్", "నలభై నిమిషాల ఆల్బమ్" అనే చెప్తా, లెక్కతో సహా.

ఇదే వారం ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టారు, నేను ఇప్పటికి పది సార్లు విన్నా. ఆకాశవాణిలో "ఈ మాసపు పాట" వచ్చే రోజుల్లో వాళ్ళ అక్క పెన్సిల్ చెక్కి నోట్‌బుక్ పట్టుకుని రేడియో ముందు కూర్చునేదట, వాళ్ళు ఒక్కో లైన్ నెమ్మదిగా చెప్పి ఆగేవాళ్ళట, రాసుకునే టైమ్ ఇచ్చేవాళ్ళట. "మీరు పేరు చెప్పి రాసుకునేలోపే పాట వేసేస్తున్నారు నాయనా" అన్నారు చివర్లో.

ఎంత నిజం! నేను పాడ్‌కాస్ట్‌లు విని పెరిగినవాడిని, కింద లింక్ ఉంటుందనే ధీమాతో మాట్లాడుతున్నా, రేడియోకి కింద ఏమీ ఉండదు. ఈ రోజు నుంచి మార్పు: పాట ముందు పేరు చెప్పను, పాట అయ్యాక, వినేవాడికి ఎవరిదబ్బా అనిపించాక చెప్తా. "పెన్ను తీసుకోండి" అని అయిదు సెకన్లు ఆగుతా. పేరు రెండుసార్లు, ఇంగ్లీష్ అక్షరాలు విడివిడిగా ఒకసారి. మళ్ళీ ప్రోగ్రామ్ చివర ఇంకోసారి.

మే 19

ఎలక్షన్ల హడావుడిలో రెండు వారాలు షెడ్యూల్ అటూ ఇటూ అయింది, ఇప్పుడు మళ్ళీ లైన్‌లో పడ్డాం.

బిల్లీ ఐలిష్ "హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్", 17న వచ్చింది. ఇంత పెద్ద పాప్ స్టార్‌కి నా రికమండేషన్ ఎందుకు అని ఒక కాలేజీ కుర్రాడు అడిగాడు. నా జవాబు ఇది: ఈ ఆల్బమ్‌కి ముందు ఆమె ఒక్క సింగిల్ (విడి పాట) కూడా వదల్లేదు, పది పాటలూ ఒకేసారి ఇచ్చింది, వరసలో వినమని. ఆల్బమ్ అంటే ఏంటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. అన్న ఫినియస్‌తో కలిసి చేసింది, నలభై నాలుగు నిమిషాల లోపే.

నేను వేసింది "లామూర్ ద మా వీ". సగం దాకా నెమ్మదిగా, పాత కాలపు క్లబ్ పాటలా సాగుతుంది, తర్వాత ఒక్కసారిగా తలుపు తోసుకుని ఇంకో పాటలోకి వెళ్ళినట్టు సింథ్ బీట్ మొదలై గొంతు కూడా మెషిన్ గొంతులా మారిపోతుంది. పాట ముందు నేను చెప్పింది ఒక్కటే వాక్యం, "ఇది ఒక పాటా రెండు పాటలా మీరే చెప్పండి." లైవ్‌లో ఉండగానే ఫోన్ మోగింది, పాట మారిపోయింది, టెక్నికల్ ప్రాబ్లమ్ ఏమో చూసుకోండి అని ఒక పెద్దావిడ. లేదమ్మా, పాటే అలా ఉంది అంటే, "అయితే మళ్ళీ వేయి నాయనా, ఆ మారే కాడ సరిగ్గా వినలే" అంది. రెండో పాట ఆపేసి మళ్ళీ వేశా.

జూన్ 2

దీని కోసం నేను నెల రోజులుగా ఎదురుచూశా. అరూజ్ ఆఫ్తాబ్ "నైట్ రెయిన్", మే 31 రిలీజ్.

ఆమె లాహోర్‌లో పెరిగి అమెరికాలో స్థిరపడింది, 2022లో "మొహబ్బత్"కి గ్రామీ వచ్చింది, పాకిస్తాన్ నుంచి గ్రామీ అందుకున్న మొదటి ఆర్టిస్ట్. ఇదంతా నేను రేడియోలో చెప్పలేదు. నేను చెప్పింది "నా గుల్" గురించి. ఆ పాటలో మాటలు మన హైదరాబాద్‌వి! మహ్‌లఖా బాయి చందా రాసిన కవిత, 1768లో పుట్టి 1824లో పోయిన కవయిత్రి, నిజాం దర్బారులో పెద్ద పేరు, ఉర్దూలో పూర్తి కవితా సంపుటి వచ్చిన తొలి మహిళల్లో ఒకరు. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది, మా సిగ్నల్ అక్కడిదాకా అందుతుంది. ఆమె పోయి ఈ ఏడాదికి సరిగ్గా రెండొందల ఏళ్ళు, ఆ మాటలు న్యూయార్క్‌లో ఒక గొంతులో పడి మళ్ళీ మౌలాలి గాలిలోకే వస్తున్నాయి. ఈ మాట మైక్‌లో చెప్పేటప్పుడు నా గొంతు వణికింది, రీటేక్ తీసుకోలేదు, అలాగే వదిలేశా.

రెండో పాట "రాత్ కీ రానీ". మన రేరాణి పువ్వే. మా ఇంటి గోడ పక్కన చెట్టు ఉంది, వేసవి రాత్రి కరెంట్ పోయి బయట మంచం వేసుకుంటే వచ్చే వాసన, పాట సరిగ్గా అలాగే మెల్లగా కమ్ముకుంటుంది. ఉర్దూ తెలిసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళకి ఆ పువ్వు పేరు చాలు.

జూన్ 5

రిపీట్ అయ్యాక ఒక సమస్య. "రెయిన్" అని నేను పలికాను కదా, తెలుగులో విన్నా రాసినా వాన రెయిన్, రాజ్యం రెయిన్ ఒకేలా ఉంటాయి. నలుగురు యూట్యూబ్‌లో నైట్ రెయిన్ అని కొట్టారు, వాళ్ళకి వచ్చింది గంటల కొద్దీ వాన చప్పుడు వీడియోలు, నిద్రపోవడానికి పెట్టుకునేవి. ఒకాయన అయితే ఇరవై నిమిషాలు వాన విని, పాట ఎప్పుడు మొదలవుతుంది అని అడిగాడు. అక్షరాలు నేను ఒక్కసారే చెప్పా, సరిపోలేదు. ఈ ఆదివారం ప్రోగ్రామ్ మొదట్లోనే సవరణ వేస్తున్నా: ఆర్, ఇ, ఐ, జి, ఎన్, వాన కాదు, రాణి ఏలుబడి. ఇంకా మంచి దారి, ఆల్బమ్ పేరు వదిలేసి మనిషి పేరు కొట్టమనడం. ఇకమీదట ప్రతి ఆల్బమ్‌నీ రికార్డింగ్‌కి ముందే మా చెల్లికి ఫోన్‌లో పేరు మాత్రం చెప్పి వెతకమంటా, తను కనుక్కోగలిగితేనే ఓకే.

జూన్ 30

త్వరగా రాస్తున్నా, ఈ నెల పని ఎక్కువైంది.

చార్లీ ఎక్స్‌సీఎక్స్ "బ్రాట్" 7న వచ్చింది, అద్భుతమైన పాప్, కానీ వేయాలనుకున్న పాటల్లో బూతు మాటలున్నాయి, కమ్యూనిటీ రేడియోలో అది కుదరదు, మధ్యమధ్యలో మ్యూట్ చేస్తే పాట ముక్కలవుతుంది. వేయకుండానే మాటల్లో చెప్పి వదిలేశా. సిండీ లీ "డైమండ్ జూబిలీ" మార్చిలోనే వచ్చింది, ముప్పై రెండు పాటలు, రెండు గంటలు, స్ట్రీమింగ్ యాప్‌లలో పెట్టకుండా యూట్యూబ్‌లో ఒకే వీడియోగా పెట్టారు. నాకు ఇది కష్టమనిపించింది గానీ వినేవాళ్ళకి అదే సులువైంది, ఒక్క వీడియో నొక్కితే మొత్తం ఆల్బమ్ అదే నడుస్తుంది. హాస్టల్ వాచ్‌మన్ అన్న ఒకాయన నైట్ డ్యూటీలో పూర్తిగా విన్నానని మెసేజ్ పెట్టాడు. రెండు గంటలూ!

తెలుగు ఇండీలో పూర్తి నిడివి ఆల్బమ్ కోసం వెతుకుతూనే ఉన్నా. సింగిల్స్ చాలా ఉన్నాయి, చౌరస్తా బ్యాండ్ "ఊరెళ్ళిపోతా మామ" ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, కానీ ఎనిమిది పది పాటలు ఒక వరసలో పేర్చి ఇచ్చేవాళ్ళు తక్కువ. ఒక్కో పాటకీ వీడియో ఖర్చు పెట్టాల్సి వస్తే పది పాటలు ఎక్కణ్ణుంచి చేస్తారు పాపం. ఎవరైనా చేస్తుంటే మాకు పంపమని ప్రతి వారం అడుగుతున్నా, మా రేడియోకి వీడియోతో పని లేదు.

ఆగస్టు 11

పీటర్ క్యాట్ రికార్డింగ్ కో., ఢిల్లీ బ్యాండ్, ఆల్బమ్ పేరు "బీటా", మొన్న శుక్రవారం 9న వచ్చింది. 2019లో "బిస్మిల్లా" తర్వాత మళ్ళీ ఇదే. పాత కాలపు క్లబ్ సింగర్ లాంటి గొంతు సూర్యకాంత్ సాహ్నీది, ఆ వెనక ట్రంపెట్. "సడెన్లీ" వేశా. ట్రంపెట్ వచ్చిన చోటల్లా చెయ్యి ఎత్తండి అని చెప్పా, పిల్లలున్న ఇళ్ళల్లో ఇది బాగా ఆడారట.

ఈసారి చెల్లి పరీక్ష పాస్ కావడానికి మూడుసార్లు పట్టింది. బీటా అని కొడితే ఏవేవో వచ్చాయి, పీటర్ అంటే ఇంకేవో. "పీటర్ క్యాట్" రెండు మాటలూ కలిపి కొడితే వెంటనే దొరికింది.

ఆగస్టు 15

జెండా వందనం అయ్యాక టైలర్ అన్న షాపు ముందు నుంచి వస్తుంటే పిలిచాడు. రేపు వరలక్ష్మీ వ్రతం, బ్లౌజులు గుట్టలు గుట్టలుగా పడున్నాయి, నిన్న రాత్రి రెండింటి దాకా కుట్టాడట. "గా పిల్లి బ్యాండుది మొత్తం విన్న తమ్మీ, రెండుసార్లు," అన్నాడు, "నువ్వేసిన పాట మంచిదే గానీ, అందులో పువ్వులు అని ఒకటి ఉంది, అది వెయ్యాల్సింది." "ఫ్లవర్స్ ఆర్ బ్లూమింగ్" గురించి చెప్తున్నాడు. ఎందుకన్నా అని అడిగితే మిషన్ మీద చెయ్యి ఆపకుండానే చెప్పుకుంటూ పోయాడు, ఆ పాట వింటుంటే కాలు దానంతట అదే ఆ లెక్కకి పడుతోందని, కుట్టు ఒక్కటి కూడా వంకర పోలేదని.

నేను జేబులోంచి ఫోన్ తీసి, అన్నా ఇదే రేడియోలో చెప్తావా అన్నా. మొదట వద్దన్నాడు, తర్వాత సరే అని గొంతు సవరించుకున్నాడు. మిషన్ ఆపబోతే నేనే ఆపొద్దన్నా, ఆ చప్పుడు కింద ఉండాలి.

ఒక నిమిషం పది సెకన్లు వచ్చింది. ఒక్క కట్ కూడా పెట్టలేదు. కాలు సంగతి చెప్పాడు, కుట్టు సంగతి చెప్పాడు, పాట ఎక్కడ లేస్తుందో చెప్పాడు, బ్యాండ్ ఏ ఊరిదో చెప్పలేదు. చివర్లో నేను అడక్కుండానే మిషన్ ఆపి, అయిదు సెకన్లు ఆగి, "పెన్ను తీస్కోండ్రి. పీటర్ క్యాట్. మల్ల చెప్తున్న, పీటర్ క్యాట్," అని, గోడ మీద సుద్దతో రాసి పెట్టుకున్న అక్షరాలు చూస్తూ ఒక్కొక్కటే చదివాడు.

ఆదివారం ప్రోగ్రామ్ దీంతోనే మొదలు, నా మాట తర్వాత.